ఏడున్నర మార్కుల ఇంగ్లీషు

మన సాహిత్య విమర్శకులు సాధారణంగా పరీక్షాపత్రాల జోలికి పోరు. కావ్యం, నవల, కథ, నాటకం - విమర్శకు అర్హమైన రచనలు ఇవేనని మన నమ్మకం. కాని ఒక పాలకవర్గం భాషను ఏ దృష్టితో చూస్తున్నదో తెలుసుకోదలిస్తే, అది మెచ్చుకునే కవిత్వం కన్న అది పెట్టే పరీక్షలే ఎక్కువ చెబుతాయి. కవిత్వంలో దాచుకోవచ్చు. పరీక్షలో దాచుకోవటం కష్టం. ఎవరు లోపలికి రావచ్చునో, ఎవరు వాకిట్లోనే నిలబడాలో అక్కడ అంకెల్లో చెప్పవలసి ఉంటుంది.

నేను ఇక్కడ పరిశీలించదలచినది పరదేశాల్లో చదివిన డాక్టర్లకూ, నర్సులకూ బ్రిటను పెట్టే ఇంగ్లీషు పరీక్షను. అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిలు రిజిష్టరులో పేరెక్కాలంటే మన డాక్టరు ఐఎల్ట్స్ అనే పరీక్షలో 9కి మొత్తం మీద 7.5 తెచ్చుకోవాలి. వినటం, చదవటం, రాయటం, మాట్లాడటం అనే నాలుగు భాగాల్లో దేనిలోనూ 7కు తగ్గకూడదు. 2014కు పూర్వం మొత్తం మీద 7తో సరిపెట్టుకునేవారు. నర్సులకు మూడు భాగాల్లో 7, రాతలో 6.5. వచ్చిన ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ఆ తరవాత మనిషికి ఇంగ్లీషు వచ్చినా రానట్టే లెక్క. ఏడున్నర అనగానే మనవాళ్లకు ఏలినాటి శని గుర్తుకు రావటం సహజం. శని అయినా ఏడున్నరేళ్లకు వదిలిపోతాడు.

నేను చాలా ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ పరీక్షకు కూర్చునే నర్సులూ, అప్పుడప్పుడూ డాక్టర్లూ తమ వ్యాసాలు దిద్దిపెట్టమని నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లు ఎక్కువగా ఆగిపోయేది రాతపరీక్షలో. కనుక ముందు దాన్నే చూద్దాం.

గంట కాలంలో రెండు రచనలు చెయ్యాలి. ఒక గ్రాఫో, పటమో, పట్టికో ఇస్తారు. దాన్ని 150 మాటలకు తగ్గకుండా వర్ణించటం మొదటిది. రెండోది 250 మాటల వ్యాసం. నగరాలు పెరగటం మేలా కీడా, పాత కట్టడాలను కాపాడాలా కూల్చాలా, పిల్లలను ఆటల్లో పోటీకి దించవచ్చునా - విషయాలు ఈ కోవకు చెందినవి. ఉభయపక్షాల వాదనలూ చెప్పి నీ అభిప్రాయం ఇమ్మంటారు. అభిప్రాయం ఏదయినా ఒకటే. అందులో బలమున్నదా, అనుభవమున్నదా అనేది లెక్కలోకి రాదు. మార్కులు నాలుగింటికి: అడిగినదానికి జవాబు వచ్చిందా, వాక్యం వెంట వాక్యం అతికిందా, పదసంపద ఎంత, వ్యాకరణం ఎంత వైవిధ్యంతో తప్పుల్లేకుండా నడిచింది.

వస్తువును పక్కకు నెట్టి రూపానికి మార్కులు వేసే ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మన సభల్లో సమస్యాపూరణం చేసినవాడు పండితుడు. ఇచ్చిన పాదాన్ని గణాలు చెడకుండా, యతి తప్పకుండా, గడువులోపల పూరిస్తే చప్పట్లు. పూరించినదానిలో అతను నమ్మినది ఏమైనా ఉన్నదా అని అడిగినవాడు లేడు. అష్టాదశ వర్ణనలు లేనిదే ప్రబంధం కానట్టు, కొన్ని వాక్యాలు లేనిదే ఈ వ్యాసమూ వ్యాసం కాదు. అమీర్‌పేటలోనూ, విజయవాడలోనూ, గుంటూరులోనూ కోచింగు కేంద్రాలు వాటిని కంఠస్థం చేయిస్తాయి. ఈ విషయం నేడు తీవ్ర చర్చకు గురి అవుతున్నదనీ, ఒకవైపు నుంచి చూస్తే ఇట్లా ఉన్నదనీ, మరొకవైపు నుంచి చూస్తే అట్లా ఉన్నదనీ, ఉభయపక్షాలనూ తూచిన మీదట నా దృఢాభిప్రాయం ఇదనీ! నగరం తీసి టెలివిజను పెట్టండి, టెలివిజను తీసి అడవిని పెట్టండి; వాక్యం చెక్కుచెదరదు. పూర్వం సూర్యోదయ వర్ణన ఏ రాజ్యంలో ఉదయించే సూర్యుడికైనా సరిపోయేది.

ఒక నర్సు తెచ్చిన వ్యాసం నాకు బాగా జ్ఞాపకం. వృద్ధులను ఇంట్లో ఉంచుకోవాలా, వృద్ధాశ్రమంలో చేర్పించాలా అన్నది విషయం. పదకొండేళ్లు వార్డుల్లో పనిచేసిన మనిషి ఆమె. వ్యాసంలో వృద్ధులు ఉన్నారుగాని ఒక్క ముసలివాడు లేడు. "ఇంతమందిని చూశావు గదమ్మా, ఒక్కరిని గురించయినా రాయకపోయావా?" అన్నాను. "చూసినవి రాయబోతే మాటలు తడుముకుంటానండి మాస్టారూ. బట్టీపట్టినవి రాస్తే తప్పులు పడవు," అన్నది. ఆ తరవాత మాటల్లో ఆమే చెప్పింది: అన్నం వద్దనే ముసలివాళ్లలో సగంమంది ఆకలిలేక వద్దనరట, పళ్లసెట్టు ఎక్కడో పారేసుకుని ఆ సంగతి చెప్పటానికి సిగ్గుపడి వద్దంటారట. బ్రిటనులోని ఏ ఆసుపత్రికైనా కావలసిన జ్ఞానం అది. దాన్ని ఇంగ్లీషులో చెప్పటం నేర్పితే మూడు నెలల్లో చెప్పగలదు. కాని 6.5 తెచ్చుకోవటానికి ఆమె ముందు ఆ జ్ఞానాన్ని దాచిపెట్టటం నేర్చుకోవలసి వచ్చింది.

ఈ వ్యాసరూపం ఎక్కడిది? ఏ పక్షానికీ చెందకుండా కుర్చీలో వెనక్కు వాలి, ఇటు ఒక మాట అటు ఒక మాట చెప్పి, చివరకు మర్యాదగా ఒకవైపు మొగ్గటం - విశ్వవిద్యాలయాల్లో తయారైన ఉద్యోగివర్గపు శైలి ఇది. నిర్ణయాలు తీసుకునేవాడి శైలే గాని, ఆ నిర్ణయాలను రాత్రి డ్యూటీలో అమలు జరిపేవాడి శైలి కాదు. ఈ పరీక్షలకు పూర్వీకుడయిన కేంబ్రిడ్జి ప్రావీణ్య పరీక్షను 1913లో మొదటిసారి పెట్టినప్పుడు కూర్చున్నవారు ముగ్గురు, ముగ్గురూ తప్పారు. అందులో ఉచ్చారణ శాస్త్రమూ, ఫ్రెంచి జర్మను అనువాదాలూ ఉండేవి. ఇప్పటి పరీక్షలో అవి లేవు. కూర్చునేవారి సంఖ్య లక్షల్లోకి పోయింది. కాని చదువుకున్న పెద్దమనిషిలా రాసినవాడికే భాష వచ్చిందనే భావం మాత్రం పోలేదు.

దీనికి వెంటనే వచ్చే ప్రతివాదం ఒకటి ఉన్నది. దాన్ని తేలికగా తోసిపుచ్చటం అభ్యుదయవాదులకు తగదు. వైద్యుడికి రోగి మాట తెలియకపోతే రోగి ప్రాణానికే ముప్పు. ఆ రోగి కూలిజనంలోనివాడైతే మరీ ముప్పు. డబ్బున్నవాడు మరో వైద్యుడి దగ్గరకు పోగలడు. కార్మికుడికి ఉద్యోగం ఎంత హక్కో, రోగికి తన మాట అర్థమయే వైద్యుడు ఉండటమూ అంత హక్కే. భాషాపరీక్ష అసలు ఉండరాదనే వాదన నాది కాదు.

అయితే ఆ ముప్పు నిజంగా వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. 2008 ఫిబ్రవరిలో, జర్మను పౌరుడయిన ఒక డాక్టరు వేళకాని వేళ ఇళ్లకు వెళ్లి చూసే ఉద్యోగం మీద ఇంగ్లండు వచ్చాడు. అక్కడ మొదటి డ్యూటీలోనే ఒక 70 ఏళ్ల రోగికి 100 మిల్లీగ్రాముల డయామార్ఫిన్ ఇచ్చాడు. గరిష్ఠ మోతాదుకు అది పదిరెట్లు. రోగి చనిపోయాడు. ఆ డాక్టరును అంతకు ముందే ఉత్తర ఇంగ్లండులో ఒక ఆరోగ్యసంస్థ ఇంగ్లీషు చాలదని వెనక్కు పంపింది; మరొక జిల్లా సంస్థ తన జాబితాలో చేర్చుకున్నది. అతన్ని జనరల్ మెడికల్ కౌన్సిలు ఇంగ్లీషులో పరీక్షించలేదు. పరీక్షించే అధికారమే దానికి లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల డాక్టర్ల డిగ్రీలను పరస్పరం గుర్తించాలన్న చట్టం అడ్డువచ్చింది. అదే సంవత్సరం గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు మాత్రం పరీక్షకు కూర్చోవలసిందే. ఆ చట్టం సవరించటానికి 2014 దాకా పట్టింది. ఇంకొక సంగతి కూడా చెప్పటం న్యాయం: ఆ మరణానికి కారణం ఇంగ్లీషు ఒక్కటే కాదు. ఆ మందు జర్మనీలో అతను వాడే మందు కాదు, మనిషి ప్రయాణపు బడలికలో ఉన్నాడు, కొత్తవాడికి పని చూపించినవాడు లేడు. కాని పత్రికల్లో మిగిలినవి రెండే మాటలు - విదేశీ డాక్టరు, ఇంగ్లీషు రాదు.

రోగి క్షేమమే గీటురాయి అయితే ముప్పయ్యేళ్ల పైచిలుకు ఆ గీటురాయిని సముద్రానికి ఇవతలివాళ్ల మీద మాత్రమే ఎందుకు గీశారు? దీనికి చరిత్రలో జవాబున్నది. భారతదేశపు వైద్యపట్టాలను 1892లో జనరల్ మెడికల్ కౌన్సిలు గుర్తించింది. 1930లో, ప్రసూతి వైద్యంలో శిక్షణ చాలదంటూ ఆ గుర్తింపును తీసివేసింది; ఆ తగాదాలోంచే 1933 నాటి మన మెడికల్ కౌన్సిలు చట్టం పుట్టింది. తరవాత 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడింది. ఆసుపత్రులకు జూనియర్ డాక్టర్లు చాలలేదు. మన కాలేజీల నుంచి వందలకొద్దీ వెళ్లారు, ఇంగ్లీషు పరీక్ష ఏదీ లేకుండానే. ఈ జూనియర్లు లేకపోతే ఆసుపత్రుల వ్యవస్థ కూలిపోయేదన్న అర్థం వచ్చే మాట 1961లో లార్డుల సభలోనే లార్డు కోహెన్ అన్నాడు. అప్పటి ఆరోగ్యమంత్రి ఇనోక్ పావెల్. వలస వచ్చిన జనం మీద విషం కక్కిన ప్రసంగం ఆయన 1968లో చేశాడు. వీరు పనిచేసిన వార్డులు మొదట ఆయన శాఖలోవే.

1975లో గాలి మారింది. మెరిసన్ కమిటీ తన నివేదికలో విదేశీ డాక్టర్ల ప్రమాణాలను శంకించింది. భారతదేశపు డిగ్రీలకు గుర్తింపు పోయింది, తాత్కాలిక రిజిష్ట్రేషనుకు వచ్చేవారికి వైద్యంతో పాటు ఇంగ్లీషు పరీక్ష వచ్చింది. సరిగ్గా అదే 1975లో యూరోపియన్ సమాజం, సభ్యదేశాల డాక్టర్ల డిగ్రీలను పరస్పరం గుర్తించే ఆదేశాలను ఆమోదించింది. ఒక తలుపు వేస్తున్నప్పుడే మరొక తలుపు తెరిచారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఇంగ్లీషులో చదివినవాడికి పరీక్ష, మిలాన్‌లో ఇటాలియనులో చదివినవాడికి మినహాయింపు. భాషే ప్రధానమయితే ఇది తలకిందుల వ్యవహారం.

భాషను గేటుగా వాడే ఈ విద్య సామ్రాజ్యానికి పాతదే. 1897లో నేటాల్ వలసరాజ్యం, వచ్చేవాడు ఏదో ఒక యూరపు భాషలో దరఖాస్తు రాయగలగాలని చట్టం చేసింది. ఆ చట్టంలో భారతీయుడన్న మాట ఎక్కడా లేదు. గాంధీ ఆ రోజుల్లో అక్కడే ఉన్నాడు. ఆ చట్టం ఎవరికోసమో ఆయనకూ తెలుసు, చేసినవారికీ తెలుసు. రంగు పేరెత్తకుండా పని జరుగుతుంది గనక లండనులోని వలసమంత్రి చేంబర్లేన్‌కు ఆ పద్ధతి నచ్చింది. 1901లో ఆస్ట్రేలియా దాన్ని అందుకున్నది. ఏదో ఒక యూరపు భాషలో 50 మాటలు చెబుతారు, విని రాయాలి. ఏ భాషో అధికారి ఇష్టం. 1909 తరవాత ఆ పరీక్షలో ఎవడూ నెగ్గలేదు.

1934లో ఎగాన్ ఎర్విన్ కిష్ అనే కమ్యూనిస్టు రచయిత, రిపోర్తాజ్ అనే ప్రక్రియకు పేరు తెచ్చినవాడు, యుద్ధానికీ ఫాసిజానికీ వ్యతిరేకంగా జరిగే మహాసభకు ఆస్ట్రేలియా వెళ్లాడు. దిగనివ్వకపోతే మెల్‌బోర్నులో ఓడమీంచి రేవులోకి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు చాలా భాషలు వచ్చునని అధికారులకు తెలుసు. కనుక సిడ్నీలో స్కాటిష్ గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. కిష్ తప్పాడు. కోర్టుకు వెళితే, ఆ చట్టం ఉద్దేశించిన అర్థంలో గేలిక్ యూరపు భాష కిందికి రాదని హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ డిక్టేషను పరీక్ష 1958దాకా బతికింది. నేటి ఐఎల్ట్స్ అంత అల్లరిది కాదు. నిపుణులు తయారుచేస్తారు, మార్కులు ఇష్టం వచ్చినట్టు వెయ్యరు. ఈ తేడా నేను ఒప్పుకుంటాను. కాని ఏ అంకె దగ్గర గీత గీయాలి అన్నది పరీక్ష తయారుచేసినవారు నిర్ణయించరు. ఆ గీత గీసేవారికి ఆ ఏడు ఎంతమంది కావాలో అన్న లెక్క ఉంటుంది.

ఈ మాట ఊరికే అనటం లేదు. 2018 చివరకు బ్రిటిషు నర్సుల కౌన్సిలు రాతలో 7ను 6.5 చేసింది. అంతకు ముందు రెండేళ్లలో రోగుల చెవులు మారలేదు. నర్సులు చాలటం లేదు, అంతే. 2023లో మరొక మార్గం తీశారు. అర మార్కు తేడాలో తప్పిన నర్సు, బ్రిటనులోనే ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో నర్సు హోదా లేని ఉద్యోగంలో కనీసం ఏడాది పనిచేసి ఉంటే, ఆమెకు ఇంగ్లీషు వచ్చునని యజమాని సంస్థ తరఫున సమాచారం ఇవ్వవచ్చు. పైకి ఇది ఉదారంగానే కనబడుతుంది. పని చేస్తూ మాట్లాడే భాషను చూడటం పరీక్షగదిలో చూడటం కన్నా మెరుగని నేనూ అంటాను. కాని ఏడాదిపాటు నర్సు చదువు చదివిన మనిషి ఆయా జీతానికి పని చెయ్యాలి, వీసా యజమాని చేతిలో, భాష వచ్చునన్న కాగితమూ యజమాని చేతిలోనే. నేను పైన చెప్పిన నర్సుకు రాతలో మూడోసారి కూడా 6 వచ్చింది. ఇప్పుడామె ఇంగ్లండులో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు అన్నం తినిపిస్తూ ఆ కాగితం కోసం చూస్తున్నది. డ్యూటీ గంటలు అన్యాయంగా వేస్తున్నారని మేనేజరుతో అనటానికి ఆమెకు ఇంగ్లీషు చాలినంత ఉన్నది. అనదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ పరీక్షకు స్వంతదార్లు ముగ్గురు: కేంబ్రిడ్జి, బ్రిటిషు కౌన్సిలు, ఆస్ట్రేలియాకు చెందిన ఐ.డి.పి. అనే కంపెనీ. ఐ.డి.పి. వాటాలు 2015 నుంచి అక్కడి స్టాకు మార్కెట్టులో అమ్ముడవుతున్నాయి. 2021లో బ్రిటిషు కౌన్సిలు, భారతదేశంలో ఈ పరీక్ష నడిపే వ్యాపారాన్ని 13 కోట్ల పౌండ్లకు ఐ.డి.పి.కి అమ్మేసింది. మన పిల్లల ఇంగ్లీషు భయానికి మార్కెట్టు కట్టిన వెల అది. ఫలితం రెండేళ్లకే ఎందుకు చెల్లుతుందని అడిగితే, వాడకపోతే భాష తరుగుతుందంటారు. ఇంగ్లండులో పుట్టినవాడు పదేళ్లు స్పెయినులో ఉండివస్తే అతని ఇంగ్లీషు ఎంత తరిగిందో ఎవరూ తూచరు.

ఇంతకన్న మెరుగైన పరీక్షలు లేకపోలేదు. 1980ల చివర ఆస్ట్రేలియాలో టిమ్ మెక్‌నమారా ఆరోగ్యరంగంవారికోసం వేరే పరీక్ష రూపొందించాడు. అందులో రాత అంటే రోగిని మరొకరి దగ్గరకు పంపుతూ రాసే ఉత్తరం. మాట్లాడటం అంటే రోగి వేషం వేసినవాడితో సంభాషణ. డాక్టర్ల కౌన్సిలూ, నర్సుల కౌన్సిలూ దీన్ని కూడా ఇప్పుడు అంగీకరిస్తున్నాయి. భాషాపరీక్షలు ఆధునికకాలపు షిబ్బోలెతులు కాగలవని - బైబిలులో ఒక్క మాట పలకటం రాక రేవుదగ్గర చంపబడ్డవాళ్ల కథ అది - ఆ మెక్‌నమారాయే రాయటం గమనార్హం. జర్మనీలో విదేశీ డాక్టర్లకు ఒక గంట పరీక్ష: రోగితో మాట, దాన్ని కాగితం మీద పెట్టటం, ఆ తరవాత తోటి డాక్టరుకు చెప్పటం. వీటిలో మన నర్సు చూసినది చూసినట్టు చెప్పవచ్చు.

1960లో మాస్కోలో నెలకొల్పి, మరుసటి ఏడు లుముంబా పేరు పెట్టిన విశ్వవిద్యాలయం అసలు వేరే దారి తొక్కింది. ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చినవాళ్లకు ముందు రష్యను నేర్పి, ఆ తరవాత ఆ భాషలోనే వైద్యం చెప్పింది, ఖర్చు రాజ్యం భరించింది. ఆ రాజ్యంలో లోపాలు నాకు తెలియనివి కావు, 1991లో అది కూలిపోవటమూ చూశాం. అయినా, నాకు నీవల్ల పని ఉన్నది గనక నా భాష నేర్పే బాధ్యత నాది అన్న సూత్రం అందులో ఉన్నది. సరుకు తయారై వస్తేనే తీసుకుంటాం, తయారీ ఖర్చు నీదే అన్న సూత్రం ఏడున్నరలో ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. ఇంగ్లీషులో వైద్యం చదివితే బ్రిటిషు కౌన్సిలు పరీక్ష లేకుండా ఎందుకు ఒప్పుకోదు? ఒక నిబంధన ఉన్నది. చదువంతా ఇంగ్లీషులో జరిగితే చాలదు. చదివేటప్పుడు రోగులతోనూ, వాళ్ల బంధువులతోనూ, తోటివారితోనూ జరిగిన వ్యవహారంలో నూటికి 75 వంతులు ఇంగ్లీషులో జరిగి ఉండాలి. అంటే గుంటూరు పెద్దాసుపత్రిలో చదివిన అమ్మాయి తన రోగులతో తెలుగు మాట్లాడటం ఆమెకు ప్రతికూలసాక్ష్యం. ఇది లండనువారి దృష్టి, వాళ్ల రోగి ఇంగ్లీషువాడు గనక అర్థం చేసుకోవచ్చు. మరి ఢిల్లీ మాటో? విదేశంలో వైద్యం చదివి వచ్చినవారి కోసం మన జాతీయ మెడికల్ కమిషను 2021లో చేసిన నిబంధనల ప్రకారం, ఆ చదువు 54 నెలలకు తగ్గకూడదు, బోధన ఇంగ్లీషులో జరిగి ఉండాలి. రష్యనులో చదివివచ్చి మన ఊళ్లలో దశాబ్దాలు పనిచేసినవాళ్ల లాంటివాళ్లు ఈనాడు చదవబోతే ఈ నిబంధన కింద ఆగిపోతారు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని ఉర్దూలో బోధించి చూపించిన గడ్డమీద మనం ఉన్నాం.

ఇంతకూ ఈ నిబంధన రోగి కోసం కాదు. తెలుగుదేశంలో రోగి ఇంగ్లీషు మాట్లాడడు. స్థానికభాష కొంత నేర్పాలని వైద్యవిద్య మొదటి ఏడాది పాఠ్యక్రమంలో 2019 నుంచి ఒక మాట చేర్చారు, సంతోషమే. కాని 54 నెలలు ఇంగ్లీషులో చదివి వచ్చిన డాక్టరును రిజిష్టరులోకి తీసుకునేముందు, పల్నాడు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చెప్పే నాలుగు మాటలు వినిపించి, విన్నది చెప్పమనే పరీక్ష ఏదీ లేదు. కాలు పీకుతున్నదంటుంది ఆమె, మోకాలు సలుపుతున్నదంటుంది, పిక్క గుంజుతున్నదంటుంది, నడుము జివ్వున లాగుతున్నదంటుంది. కేసు షీటులో ఆ నాలుగింటికీ ఒకటే ఇంగ్లీషు మాట పడుతుంది.